ఫ్లోరైడ్ మరకల మీద మూడేళ్ళు: బొగ్గు పొడి నుంచి ట్రే జెల్ దాకా

మాది నల్గొండ జిల్లా, మునుగోడు వైపు. చిన్నప్పుడంతా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళే తాగాం. నా పై ముందుపళ్ళ మీద తెల్లటి మచ్చలు, వాటి మధ్య రెండు గోధుమరంగు చారలు ఉండేవి. ఫొటో అంటే పెదవులు బిగించుకోవడమే. మూడేళ్ళలో చాలా వాడాను. మా జిల్లా వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మొదట బొగ్గు పొడి, నాలుగు నెలలు. టీ వల్ల పట్టిన గార మొదటి వారాల్లోనే పోయింది, అది నిజం. చారలు మాత్రం కదల్లేదు. నాలుగో నెలకల్లా చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి. బొగ్గు పన్నును గీకుతుంది. పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్, అరిగితే మళ్ళీ పెరగదు, దాని కిందున్న డెంటిన్ రంగే పసుపు. అంటే అరిగేకొద్దీ పళ్ళు ఇంకా పచ్చబడతాయి. తెలిసుంటే ఆ డబ్బా ముట్టుకునేదాన్ని కాదు. వంటసోడా అంత గరుకు కాదు, గార వరకు బాగానే తీసింది. అందులో నిమ్మకాయ పిండుకోమంటే మాత్రం వినకండి, ఆ పులుపు ఎనామిల్‌ను కరిగిస్తుంది.

తర్వాత నీలిరంగు వైట్నింగ్ పేస్టు. తెల్లబట్టలకి నీలిమందు పెట్టినట్టే ఇదీ: పసుపు మీద పల్చటి నీలం పడి కంటికి తెల్లగా తోస్తుంది. పొద్దున అద్దంలో బాగుండేది, మధ్యాహ్నం అన్నం తినేసరికి మామూలే.

చివరికి పళ్ళ డాక్టరమ్మ దగ్గర విషయం అర్థమైంది. గార పంటి పైన పట్టేది. ఫ్లోరైడ్ మరక, పన్ను చిగురులోంచి రాకముందే, ఎనామిల్ తయారయ్యేటప్పుడే లోపల పడేది. ఎంత తోమినా అందదు. ఆమె నా పళ్ళ అచ్చు తీసి, పళ్ళకి తొడుక్కునే ట్రే చేయించి, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ ఇచ్చారు. అది నోట్లో సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. అది ఎనామిల్‌లోకి ఇంకి రంగును విరగ్గొడుతుంది. ఒక్కో పంటికి బియ్యపుగింజంత జెల్, రాత్రంతా ట్రే.

మొదటి వారం భయపడ్డాను. తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడ్డాయి, పళ్ళు లాగేశాయి. జివ్వుమనడం తగ్గించే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడుతూ, రాత్రి విడిచి రాత్రి పెట్టుకోమన్నారు. మూడో వారానికి మిగతా పన్ను తెల్లబడి మచ్చలు అందులో కలిసిపోసాగాయి. ఆరు వారాలకి ఒక చార ఆనవాలు లేకుండా పోయింది, రెండోది లేత గంధం రంగుకి వచ్చింది. దానికి మైక్రోఅబ్రేషన్ అని, ఆమ్లం కలిపిన ముద్దతో పైపొరను పల్చగా రుద్దే పద్ధతి ఉందట. నాకు ఇది చాలనిపించి వద్దన్నాను.

ఒకటి ముందే అడిగి తెలుసుకోండి: పాత ఫిల్లింగ్, క్యాప్ ఈ జెల్‌కి తెల్లబడవు. నా పక్కపంటి ఫిల్లింగ్ ఒక్కటే పచ్చగా మిగిలిపోతే మార్పించుకోవాల్సి వచ్చింది, అదీ రెండు వారాలు ఆగాకే. జెల్ ఆపిన వెంటనే కొత్త ఫిల్లింగ్ సరిగా అతుక్కోదు.

ఏడాదిన్నర దాటింది. టీ మానలేదు, కొంచెం రంగు దిగింది. అదే ట్రేతో మొన్న నాలుగు రాత్రులు పెట్టుకుంటే సరిపోయింది. మా చెల్లి కూడా చేయించుకుంటానంటోంది, ఆమెవీ అవే మచ్చలు. పాలిచ్చే తల్లి కాబట్టి ఆగమన్నారు. ఆమె కొడుక్కి ఇప్పుడిప్పుడే పాలపళ్ళు వస్తున్నాయి. వాడు తాగేది బోరు నీళ్ళు కాదు, నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు.