పలక మీద మూడు పేర్లే ఉన్న రోజు పోండి: హన్మకొండలో నాలుగు బల్లల హోటల్

నాలుగు బల్లలు, రెండు పొయ్యిలు. వండేది ఓనర్ అన్న ఒక్కడే. మెనూ కార్డు ఉండదు. పొద్దున మార్కెట్ల ఏది మంచిగ దొరికితే అది తెచ్చి, పదకొండింటికి పలక మీద రాస్తడు. చాన్నాళ్ల నుంచి తింటున్న కాబట్టి గట్టిగనే చెప్తున్న: మూడు పేర్లుంటే కండ్లు మూసుకొని కూసోండి. ఆదివారం ఆరేడు రాస్తడు, ఆ రోజు వద్దు. రెండు పొయ్యిల మీద అన్ని కూరలంటే ఏదో ఒకటి ముందే దించాలె, దెబ్బ మటన్‌కే పడ్తది.

ఎండాకాలంల చింతచిగురు మటన్ రాస్తే ఇంకోటి చూడొద్దు. ముక్క పూర్తిగ మెత్తబడ్డంకనే చిగురు వేస్తడు. పులుపు ముందే పడితే ముక్క ఉడకదు, గట్టిగ మిగుల్తది. చిగురును అరచేతుల నడుమ నలిపి, పుల్లలు ఏరేసి, ఆఖర్ల పది నిమిషాలే మగ్గనిస్తడు. ఎక్కువ మగ్గితే నల్లబడి వాసన పోతది. వానకాలంల పుంటికూర (గోంగూర) మటన్ కూడా ఇదే పద్ధతి.

కూర ఎర్రగ ఉన్నదని భయపడకండి. వాడేది మన వరంగల్ చపాటా మిర్చి, 2025ల జీఐ (ఈ ప్రాంతం పంటేనని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిందే. రంగు ఎక్కువ, కారం తక్కువ. ఘాటు కావాల్నంటే ఎల్లిగడ్డ కారం అడగండి, విడిగ పెడ్తడు.

జొన్నరొట్టె ఒక్కొక్కటే చెప్పండి. పిండిని మరిగిన నీళ్లతో కలుపుతడు కాబట్టి అంచులు పగలవు. చేత్తో కొట్టి, పెనం మీద వేసి, పైన తడిబట్టతోటి అద్దుతడు. దించిన పది నిమిషాలకే అట్ట లెక్క బిగుస్తది. పార్శిల్ దండుగ.

పచ్చిపులుసు రోజూ ఉంటది. నువ్వులపొడి అడుగుకు దిగుతది, కలిపి పోసుకోండి.

నాటుకోడి కావాల్నంటే ముందురోజే ఫోన్ చెయ్యాలె. కుక్కర్ పెట్టడు, ముదురు కోడైతే గంటన్నర పడ్తది. కిలోకు తక్కువ వండడు, నలుగురికి సరిపోతది.

పన్నెండున్నర లోపల పోండి. రెండు దాటితే సగం పేర్లు చెరిపేసి ఉంటయి. పగలు మిగిలిన కొర్రమీను పులుసు రాత్రికి పెడ్తడు, మొహమాటం లేకుండ తినండి, అప్పటికే పులుసు ముక్కకు బాగ పట్టి ఉంటది. మటన్ వేపుడు మాత్రం రాత్రిపూట చెప్పొద్దు. రెండోసారి వేడి చేస్తే ముక్క సాగుతది.