బలేనో ఇంజన్ పెట్టిన పాత ఎస్టీమ్: నాలుగేళ్లు నడిపాక

ఇంజన్ మార్చిన బండి చూడటానికి వెళ్లిన ప్రతివాడూ ముందు బానెట్ ఎత్తుతాడు. నన్నడిగితే అది చివరన ఎత్తండి. ముందు ఆర్సీ అడగండి. తర్వాత డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి వైర్లు చూడండి. ఆ తర్వాత బ్రేకులు. నాలుగేళ్లు దాటింది, నా బండి రోడ్డు మీద ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి గానీ, వాటిలో ఒక్కదానికీ ఇంజన్ కారణం కాదు. అన్నీ దాని చుట్టూ ఉన్న సరంజామా వల్లే.

బండి 2004 మోడల్ మారుతి ఎస్టీమ్, ఏపీ 15 నంబరు, కరీంనగర్‌లో కొన్నాను. లోపల ఉన్నది అదే కంపెనీ బలేనో సెడాన్ 1.6 ఇంజన్. ఇప్పుడు షోరూముల్లో కనబడే హ్యాచ్‌బ్యాక్ అనుకునేరు, 1999లో వచ్చి 2007లో ఆగిపోయిన పాత బలేనో అది. నేను దీన్ని స్పోర్ట్స్ కారు అనే అంటాను. నాలుగు తలుపులు, పెద్ద డిక్కీ ఉన్నదాన్ని అలా అంటావా అని నవ్వేవాళ్లున్నారు. మా బాపు అయితే మొదటిరోజే "గిది ట్యాక్సీ లెక్కుంది గదరా" అన్నాడు. అననివ్వండి. మన దేశంలో రెండు సీట్లతో, స్పోర్ట్స్ కారు ఆకారంలో గోవాలో తయారైన శాన్ స్టార్మ్‌లో ఉన్నదే 1.2 లీటర్ రెనో ఇంజన్, అరవై హార్స్‌పవర్. ఆకారం చూసి స్పోర్ట్స్ కారు అనాలా, నడక చూసి అనాలా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది.

ఈ మార్పిడి ఇంత చెలామణి కావడానికి కారణం ఉంది. ఎస్టీమ్ 1.3, బలేనో 1.6 రెండూ సుజుకి జీ సిరీస్ ఇంజన్లే. అందుకే ఎస్టీమ్ గేర్‌బాక్స్ బలేనో ఇంజన్‌కి బోల్టులతో కలిసిపోతుంది. సైజు 1298 సీసీ నుంచి 1590 సీసీకి పెరిగింది. ఆ పెరుగుదల దాదాపు మొత్తం స్ట్రోక్‌లోనే, అంటే పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరంలోనే వచ్చింది: బోర్ (సిలిండర్ వెడల్పు) 74 నుంచి 75 మిల్లీమీటర్లు అయితే, స్ట్రోక్ 75.5 నుంచి ఏకంగా 90కి పోయింది. కాగితం మీద 85 హార్స్‌పవర్ కాస్తా 94 అయింది, అంతే. కానీ లాంగ్ స్ట్రోక్ వల్ల కింది ఆర్పీఎంలోనే లాగుడు వస్తుంది, పైగా ఎస్టీమ్ బాడీ బలేనో కంటే తేలిక. ములుగు రోడ్డులో ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే ఇసుక లారీల వెనక పడ్డవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. మూడో గేర్‌లో కాలు కాస్త నొక్కితే చాలు, నాలుగు లారీల వరస దాటేసి మళ్లీ మన లేన్‌లోకి వచ్చేస్తాం. పాత 1.3తో అయితే రెండో గేర్‌కి దింపి, అరిపించి, సగంలో మనసు మార్చుకునేవాళ్లం. వెనక కూడా ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఏ చక్రానికా చక్రం విడిగా కదులుతుంది కాబట్టి తాడ్వాయి అడవిలో మలుపుల దగ్గర బండి నేలకి అతుక్కునే ఉంటుంది.

ఇక లోపాలు. గేర్‌బాక్స్ ఎస్టీమ్‌దే కావడంతో గేర్లు పొట్టివి. ఊళ్లో హుషారుగా ఉంటుంది కానీ, హైదరాబాద్ రోడ్డెక్కి వందలో పెడితే ఆర్పీఎం ముల్లు మూడు వేలు దాటి కూర్చుంటుంది. స్టేషన్ ఘన్‌పూర్ దాటేసరికే ఆ మోతకి పాటలు వినబడవు. ఆరో గేర్ ఉందేమో అని చెయ్యి ఊరికే వెతుక్కుంటుంది.

బ్రేకుల సంగతి నాకు హనుమకొండలో బండి చూసే మెకానిక్ అన్న చెప్పాడు. కొనకముందే ఆయన్ని కరీంనగర్ తీసుకెళ్లాను. నేను ఎగ్జాస్ట్ చప్పుడు వింటుంటే ఆయన చక్రం ఊడదీసి కూర్చున్నాడు. "తమ్మీ, ఉరికేటి బండి ఎవడైన జేస్తడు. ఆగేటి బండి గావాలె ముందుగాల." ఇంజన్ పెట్టినవాళ్లు బ్రేకులు ముట్టుకోనేలేదు. ముందు డిస్కులు అరిగి అంచులు లేచి ఉన్నాయి, గొట్టాల రబ్బరు పగుళ్లిచ్చింది. ఆ వంకతో ధర పాతిక వేలు తగ్గించాం. లక్షన్నర చిల్లరకి తెగింది. డిస్కులు, ప్యాడ్లు, గొట్టాలు, వెనక డ్రమ్ములో సిలిండర్లు అన్నీ మార్చాకే వరంగల్ దాకా నడిపాను.

కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తుందో కొలవడం కూడా ఆయనే చేశాడు. నాలుగు సిలిండర్ల రీడింగులు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఒకదానికీ ఇంకోదానికీ పది శాతం మించి తేడా ఉంటే ఆ బండి వదిలేయమని ఆయన లెక్క.

అసలు తలనొప్పి వైరింగ్. కొన్న మొదటి వానాకాలంలోనే మొదలైంది. బాగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారి దగ్గినట్టయి ఆగిపోయేది, పది నిమిషాలకి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. జనగామ బైపాస్‌లో ఒకసారి రాత్రిపూట వానలో ఆగినప్పుడు ఇంట్లోవాళ్లకి పుట్టిన టెన్షన్ ఇంతా అంతా కాదు. ఫ్యూయల్ పంపు మార్చాం, సెన్సర్లు మార్చాం, ప్లగ్గులు మార్చాం. డబ్బు పోయింది, జబ్బు పోలేదు. చివరికి మెకానిక్ అన్నే ఒక మాట అడిగాడు: "ఏసీ బంద్ జేసి నడిపితే గూడ ఆగుతదా?" గుర్తు చేసుకుంటే, ఆగలేదు. ఎడమవైపు కార్పెట్ లేపి చూస్తే, ఈసీఎం (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఎర్త్ వైరుని మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశారు. అదీ ఏసీ నీళ్లు లోపలికి ఊరే చోటే. బలేనో వైరింగ్‌ని ఎస్టీమ్ వైరింగ్‌కి కలిపిన ప్రతిచోటా అదే పనితనం. రెండు రోజులు కూర్చుని ఒక్కో జాయింటూ సోల్డర్ చేయించి, స్లీవ్ తొడిగి, ఎర్త్ విడిగా బాడీకి లాగించాం. ఎనిమిది వేలు కూలీ. నేను ఈ బండి మీద పెట్టిన అన్ని ఖర్చుల్లో బాగా కిట్టింది ఇదే.

ఎండాకాలం ఇంకో పరీక్ష. వరంగల్ మే నెల తెలిసిందే. పాత యజమాని ఎస్టీమ్ రేడియేటర్‌నే ఉంచాడు. కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడితే వేడి చూపే ముల్లు పైకి పాకేది. బలేనో రేడియేటర్, రెండో ఫ్యాన్ పెట్టించాక ఆ బెడద పోయింది.

కాగితాల మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదని తేల్చింది. నేను ఈ బండి కొనడానికి ఒకే కారణం, దీని ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు, 1590 సీసీ అంతకు చాలా ముందే ఎక్కి ఉండటం. ఇంజన్ తీసిన బలేనోకి సంబంధించిన బిల్లు కూడా పాత యజమాని దాచిపెట్టాడు. అది లేకపోతే ఆ ఇంజన్ గుజిరీ నుంచి వచ్చిందో, ఎవరి ఇంటి ముందు నుంచి వచ్చిందో ఎవరు చెప్తారు? పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి బ్లాక్ మీద నంబరు, ఆర్సీలో నంబరు పక్కపక్కన పెట్టి చదివాడు. కలిశాయి కాబట్టి సరిపోయింది. "ఆర్సీలో ఎక్కించలేదు గానీ ఏం గాదన్నా" అనే అమ్మకందారు ఎంత తగ్గించినా ఆ బండి నాకొద్దు.

ఇన్సూరెన్స్‌లో ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. థర్డ్ పార్టీ ప్రీమియం సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897. జీఎస్టీ దీనికి అదనం. అంటే ఇంజన్ మారడంతో ఈ ఎస్టీమ్ ఒక మెట్టు ఎక్కేసింది. ఒక ఏజెంటు "1298 అనే రాసేద్దాం సార్, సగానికి సగం తగ్గుతది" అన్నాడు. వద్దన్నాను. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ నాలుగున్నర వేల కక్కుర్తికి కోర్టులో జవాబు చెప్పాల్సింది నేనే కదా.

మైలేజీ ఊళ్లో తొమ్మిది, పది. హైవే మీద పదమూడు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక కొంచెం తగ్గినట్టే ఉంది. అంతకంటే ముఖ్యం, ఇరవై ఏళ్ల నాటి రబ్బరు పెట్రోల్ పైపులు దానికి తట్టుకోవు. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా కొత్తవి వేయించాను. విడిభాగాల విషయంలో ఎస్టీమ్ వైపు సామాను ఇంకా దొరుకుతుంది, బలేనో ఇంజన్‌వి మాత్రం వెతుక్కోవాలి. హెడ్ గ్యాస్కెట్, టైమింగ్ బెల్టు లాంటివి హైదరాబాద్‌లో రాణీగంజ్, పుత్లీబౌలీ దుకాణాలకి ఫోన్ చేసి, ఉన్నప్పుడే ఒక జత ఎక్కువ తెప్పించుకుంటాను. తుప్పు కోసం డిక్కీ మూలలు, ఫుట్‌బోర్డు కింద భాగం ప్రతి వానాకాలం తర్వాత చూసుకోవాల్సిందే.

ఇంట్లో ఉన్న ఒక్క బండీ ఇదే అయితే నేను కొననివ్వను. ఆసుపత్రికో, పరీక్షకో పొద్దున్నే పోవాల్సిన రోజున దీన్ని నమ్ముకోలేం. రెండో బండిగా, చేతిలో కొన్న ధరకి ఇంకో అరవై, డెబ్బై శాతం ఉంచుకుని, నమ్మకమైన మెకానిక్ ఊళ్లోనే ఉంటే మాత్రం కొనుక్కోవచ్చు. నాకు ఇంకా తీరనిది ఆ ఐదో గేర్ మోత ఒక్కటే. బలేనో గేర్‌బాక్స్ ఏదైనా తుక్కుకి వస్తే చెప్పమని మెకానిక్ అన్న రెండు మూడు చోట్ల చెప్పి పెట్టాడు. పోయిన నెల ఒకటి వచ్చింది కానీ గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు అరిగిపోయి ఉన్నాయి, వద్దన్నాం.