సంపులా, నాలాలా, చెరువులా: హైదరాబాద్ వాన నీటికి ఏది మేలు?

హైదరాబాద్‌లో గంటసేపు వాన దంచితే చాలు, ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట దాకా బండి కదలదు. దీనికి మందుగా ఎక్కువగా వినిపిస్తున్నవి మూడు: రోడ్డు పక్కన భూమిలో కట్టే సంపులు, నాలాల విస్తరణ, చెరువుల బాగు. డబ్బు ముందు దేనికి పెట్టాలంటే నా ఓటు చెరువులకే, కానీ ఒక షరతు ఉంది.

ముందు సంపు లెక్క చూడండి. ఎకరం మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 2 లక్షల లీటర్లు, పైగా అంతా కాంక్రీటే కాబట్టి నేలలోకి ఇంకేది తక్కువ. అంటే 10 లక్షల లీటర్ల సంపు కట్టినా ఐదెకరాల నీటికే నిండిపోతుంది, ఆ తర్వాత మోటార్లు ఆడాలి, కరెంటు ఉండాలి, జాలీలకు పాలిథిన్ కవర్లు అడ్డం పడకూడదు. మోకాలిలోతు నీళ్లు నిలిచే ఒక జంక్షన్‌కైతే పనికొస్తుంది, కాదనను.

అదే 20 ఎకరాల చెరువులో మీటరు ఖాళీ ఉంటే 8 కోట్ల లీటర్లు పడతాయి. అలాంటి సంపులు ఎనభై కడితే గానీ దానికి సరితూగవు! 1908 మూసీ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య చెప్పింది కూడా నీళ్లను ఊరికి ఎగువనే ఆపమని, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. షరతల్లా ఆ ఖాళీయే. మన చెరువులు చాలావరకు నడి ఎండాకాలంలో కూడా మురుగుతో నిండే ఉంటాయి, ఇక వాన నీటికి చోటెక్కడ? వాకింగ్ ట్రాక్ వేసి, రంగు లైట్లు పెట్టి సుందరీకరణ అయిపోయిందంటే కుదరదు. మురుగును పక్కకు మళ్లించాలి, నీళ్లు వదిలే తూము పనిచేయాలి, జూన్‌కు ముందే నీటిమట్టం దించాలి. కట్ట సంగతి సరేసరి, 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

నాలాలు ఎలాగూ తప్పవు, గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేది వాటిలోంచే కదా. కాకపోతే పని కింది నుంచి పైకి రావాలి. పైన వెడల్పు చేసి, కింద పాత ఇరుకు కల్వర్టు అలాగే వదిలేస్తే మునిగే కాలనీ మారుతుంది, అంతే. ఆక్రమణలు, కోర్టు కేసులు లేని ముక్కలోనే ముందు పని మొదలుపెడతారు గనక జరిగేదీ ఎక్కువగా అదే.

ఇంకుడు గుంతలంటారా? మీ బోరుకు మంచివి, తవ్వించుకోండి. వరద ఆగుతుందని మాత్రం కాదు: అదే 5 సెంటీమీటర్ల వాన 200 గజాల ఇంటి మీద పడితే 8 వేల లీటర్లు దాటుతుంది, నాలుగడుగుల గుంతలో కంకర, ఇసుక పోను పట్టేది వెయ్యి లీటర్లు కూడా అనుమానమే.