షవర్ పంపు మంచిదే, సిలిండరు 60 డిగ్రీలు దాటనంతవరకు

ఇంగ్లండులో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు షవర్ కష్టాలు తెలిసినవే. అటక మీది చన్నీళ్ల ట్యాంకు షవర్ కన్నా ఒక మీటరు ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి 0.1 బార్ మాత్రమే. అల్మరాలో వేడినీళ్లు నిలవ ఉండే రాగి సిలిండరు పక్కన మేము పెట్టించుకున్న స్టువర్ట్ టర్నర్ మాన్సూన్ ట్విన్ పంపు వేడినీళ్లను, చన్నీళ్లను ఒకే ఒత్తిడితో పంపి ఆ లోటును పూర్తిగా తీర్చింది. దానిని రబ్బరు కాళ్ల మీద నిలబెట్టాలే తప్ప నేలకు స్క్రూలతో బిగించకూడదు; బిగిస్తే ఇల్లంతా అదురుతుంది.

పంపు అమర్చిన ప్లంబరు సిలిండరు థర్మోస్టాట్‌ను 70 దగ్గర వదిలి వెళ్లడంతో, స్నానం మధ్యలో పంపు గరగరమని, షవర్ ఆగి ఆగి చిమ్మేది. నీళ్లు మరీ వేడెక్కితే వాటిలో కరిగి ఉన్న గాలి బుడగలుగా విడిపోయి సిలిండరు పైభాగానికి చేరుతుంది, పంపు నీటితోపాటు దానినీ లాగుతుంది, తడి అందని సీళ్లు త్వరగా అరిగిపోతాయి. తయారీదారులు సాధారణంగా 65 డిగ్రీలు దాటవద్దని చెప్పేది ఇందుకే. సిలిండరు పైన బిగించి, గాలిని పక్కకు తప్పించే సర్రే ఫ్లాంజ్ అనే అమరిక ఉన్నా ఈ హద్దు మారదు.

అలాగని 50కి దించడం అంతకన్నా తప్పు. గోరువెచ్చని నీళ్లలో పెరిగి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా బాక్టీరియా భయం అటుంచితే, లెక్క కూడా కుదరదు: చలికాలంలో 10 డిగ్రీల చన్నీళ్లతో కలిపి 40 డిగ్రీల స్నానానికి నిమిషానికి 12 లీటర్లు వాడితే, సిలిండరు 60లో ఉన్నప్పుడు దాని నుంచి 7.2 లీటర్లు చాలు, 50లో ఉంటే 9 లీటర్లు కావాలి. పంపు పెట్టాక సిలిండరు ఎలాగూ త్వరగానే ఖాళీ అవుతుంది. ఇంట్లో చివరగా స్నానానికి వెళ్లేవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

థర్మోస్టాట్ సిలిండరు అడుగు నుంచి సుమారు మూడో వంతు ఎత్తులో, పట్టీతో కట్టి ఉంటుంది. దాని ముల్లును 60కి తిప్పి, నీళ్లు పూర్తిగా కాగాక దగ్గరి కుళాయి వద్ద థర్మామీటరుతో చూసుకోవడం మేలు. సిలిండరు లోపల ఉండే కరెంటు హీటరుకు (ఇమ్మర్షన్ హీటరు) వేరే థర్మోస్టాట్ ఉంటుంది. దాని మూత తీసే ముందు కరెంటు తప్పక ఆపాలి. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే ఒళ్లు కాల్చేస్తాయి కనుక, పిల్లలున్న ఇంట్లో షవర్ నీళ్ల వేడిని ఒకే స్థాయిలో ఉంచే థర్మోస్టాటిక్ మిక్సర్‌కు అయ్యే ఖర్చుకు వెనుకాడకూడదు.

సిలిండరు లేకుండా మెయిన్స్ (వీధి గొట్టం) నీళ్లను అప్పటికప్పుడు కాచే కాంబీ బాయిలర్ ఉన్నవారు మాత్రం ఈ పంపు కొనవద్దు. ఇది ట్యాంకు నీళ్ల కోసం చేసినది, నేరుగా మెయిన్స్‌కు తగిలించేది కాదు.