ఫాత్మా సయీద్ తొలి ఆల్బమ్ ‘ఎల్ నూర్’: మాటకు విలువ ఇచ్చిన గొంతు

యువ సొప్రానో (హెచ్చు స్థాయిలో పాడే గాయని) తొలి ఆల్బమ్ అనగానే పేరుమోసిన ఒపేరా ఘట్టాలను వరుసగా పేర్చి, తారస్థాయి స్వరాలతో శ్రోతను అబ్బురపరచే ప్రయత్నమే ఎక్కువగా కనిపిస్తుంది. ఈజిప్టు గాయని ఫాత్మా సయీద్ 2020లో వార్నర్ క్లాసిక్స్ ద్వారా వెలువరించిన ‘ఎల్ నూర్’ ఆ దారి పట్టలేదు. అరబ్బీలో ‘వెలుగు’ అని అర్థమిచ్చే ఈ ఆల్బమ్‌ను ఆమె ఫ్రెంచి, స్పానిష్, అరబ్బీ పాటలతో కూర్చారు.

1991లో కైరోలో పుట్టిన సయీద్ బెర్లిన్‌లోని హాన్స్ ఐస్లర్ సంగీత విద్యాలయంలో చదివి, ఆ తరువాత మిలాన్‌లోని ప్రసిద్ధ ఒపేరా రంగశాల లా స్కాలాకు చెందిన అకాడమీలో శిక్షణ పొందారు. 2016లో అదే లా స్కాలా వేదికపై మొట్జార్ట్ ఒపేరా ‘మాయా వేణువు’లో పమీనా పాత్ర పాడారు. అంతటి పేరు తెచ్చిన మొట్జార్ట్‌ను తొలి ఆల్బమ్‌లో పక్కన పెట్టడానికి ధైర్యం కావాలి. అయితే ఇరవైల వయసులో లిరిక్ సొప్రానో (మృదువైన సొప్రానో) కంఠం ఇంకా కుదురుకుంటూనే ఉంటుంది కనుక, బలం కంటే ఉచ్చారణను, శ్వాసపై అదుపును కోరే పాటలను ఎంచుకోవడం వివేకమైన పని అని నా అభిప్రాయం.

ఆల్బమ్‌కు ప్రాణం ఫ్రెంచి స్వరకర్త రవేల్ 1903లో రచించిన ‘షెహెరజాద్’. మూడు పాటల ఈ రచనను ఆర్కెస్ట్రాతో వినడానికి అలవాటు పడినవారికి, పియానిస్టు మాల్కమ్ మార్టినో ఎంత సున్నితంగా వాయించినా, మొదటి పాట ‘ఆసియా’ ఉద్ధృతికి చేరే చోట పియానో ఒక్కటే చాలదనిపిస్తుంది. ఆ లోటు రెండవ పాటలో పూర్తిగా తీరిపోయింది. యజమాని నిద్రిస్తుండగా సేవకురాలు బయటినుంచి వినవచ్చే ప్రియుని వేణుగానాన్ని ఆలకించే ఈ పాటలో, పాశ్చాత్య ఫ్లూటుకు బదులు రెల్లుతో చేసే ‘నాయ్’ అనే పిల్లనగ్రోవిని టర్కీ కళాకారిణి బుర్జూ కరదా వాయించారు. ఊపిరి సవ్వడి కలిసిన ఆ నాదానికి తగినట్టుగా సయీద్ తన గొంతులోని మెరుపును తగ్గించి, మాటను దాదాపు చెవిలో చెప్పినట్టు పలికారు. గమకాలకు అలవాటు పడిన మన చెవికి ఆ వాద్యం జారుస్వరాలు ఎంతమాత్రం పరాయిగా తోచవు. నేను ఈ పాటను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

స్పానిష్ స్వరకర్త మనుయెల్ దె ఫాల్యా ‘నీ చిన్ని నల్లని కళ్ళు’ పాటలో రఫాయెల్ అగీరే గిటార్‌తో కలిసి ఆమె హల్లులను లయకు కొరడాలా వాడుకున్నారు. ఫ్రెంచి స్వరకర్తలు బెర్లియోజ్, బిజే పాటలు చక్కగా ఉన్నాయి కాని, రవేల్ దగ్గర కలిగిన విస్మయం వాటిలో కలగలేదు.

అరబ్బీ పాటలలో ఆమె ఒపేరా కంపితాన్ని (స్వరంలోని వణుకును) బాగా తగ్గించి, పసితనం నుంచి విన్న భాషను సహజంగా పాడారు. జాజ్ ఛాయలున్న కొన్ని వాద్య కూర్పులు మాత్రం అవసరానికి మించి నునుపుగా ఉండి, ఆ సహజత్వాన్ని కొంత కప్పివేశాయి. ఖలీల్ జిబ్రాన్ కవితకు స్వరకల్పన అయిన పాటను రవేల్ రెండవ పాట వెంటనే వినమని నా సూచన. ‘నాకు నాయ్ ఇచ్చి పాడు’ అని ఆ కవిత అడిగినదానిని ఈ గాయని పారిస్ స్వరకర్త పాటలో అప్పటికే చేసి చూపించారని అప్పుడు తెలుస్తుంది.