మెయిల్‌డ్రాప్ ఏడాదిన్నర వాడాక: మెయిల్ పోగొట్టదు గానీ ఫోల్డర్ మాత్రం మనమే ముందు చేసిపెట్టాలి

ప్రాక్‌మెయిల్ వదిలేసి మెయిల్‌డ్రాప్‌కి వచ్చి ఏడాదిన్నర అయింది. రెండూ వచ్చిన మెయిల్స్‌ని మనం రాసిన రూల్స్ ప్రకారం ఫోల్డర్లలోకి సర్దే ప్రోగ్రాములు. ప్రాక్‌మెయిల్ మీద కోపమేం లేదు, 1990 నాటి సరుకు, ఇన్నాళ్లూ బానే లాగింది. కాకపోతే దాని రూల్స్‌లో ఆ కోలన్లూ సున్నాలూ స్టార్లూ... ఆర్నెల్ల తర్వాత ఫైల్ తెరిస్తే నేను రాసింది నాకే అర్థమయ్యేది కాదు, పైగా 2001లో 3.22 వెర్షన్ వచ్చాక దాదాపు ఇరవై ఏళ్లు దాని మొహం చూసినవాళ్లు లేరు.

నా సెటప్ చిన్నదే. పాత లాప్‌టాప్ మీద డెబియన్ లినక్స్, పది నిమిషాలకోసారి గెట్‌మెయిల్ అనే ప్రోగ్రామ్ సర్వర్‌కి వెళ్లి మెయిల్స్ పట్టుకొస్తుంది, ఒక్కోదాన్నీ మెయిల్‌డ్రాప్ చేతిలో పెడుతుంది, అది హోమ్‌లో ఉన్న మెయిల్‌ఫిల్టర్ ఫైల్ చదువుకుని ఏది ఏ ఫోల్డర్‌లో పడాలో అందులో పడేస్తుంది, నేను తీరిగ్గా మట్ అనే మెయిల్ రీడర్‌లో చూసుకుంటా. రూల్స్ మామూలు ఇఫ్, ఎల్స్, బ్రాకెట్లు. ప్రోగ్రామింగ్ కాస్త తెలిసినవాళ్లకి అరగంట పని.

నాకు బాగా నచ్చింది దీని జాగ్రత్త. మెయిల్ ముట్టుకునే ముందే ఫిల్టర్ ఫైల్ మొత్తం చదివి తప్పుందేమో చూస్తుంది. ఒకరోజు రాత్రి ఏదో మార్చి ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోయి పడుకున్నా, పొద్దున లేచి చూస్తే ఒక్క కొత్త మెయిల్ లేదు, గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే డెలివరీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది అంతే, మెయిల్సన్నీ సర్వర్‌లోనే భద్రంగా ఉన్నాయి, బ్రాకెట్ మూయగానే బిలబిలమని వచ్చి పడ్డాయి. ఫిల్టర్ ఫైల్ పర్మిషన్ 600 (అంటే మనం తప్ప ఇంకెవరూ చదవకుండా, రాయకుండా) లేకపోయినా ఇలాగే మొరాయిస్తుంది, మొదటిసారి వాడేవాళ్లు అందరూ ఇక్కడే ఆగుతారు.

ఇక తిట్టుకున్న సంగతి. కరెంటు బిల్లులకి ఒక రూల్ రాశా, ఫోల్డర్ చెయ్యడం మర్చిపోయా. ఆ పేరుతో డైరెక్టరీ ఉంటే మెయిల్‌డిర్ (ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్‌గా ఉండే ఫోల్డర్) అనుకుంటుంది, లేకపోతే చడీచప్పుడు లేకుండా ఆ పేరుతో ఒక ఫైల్ చేసి మెయిల్స్ అన్నీ దాంట్లోకి ఒకదాని కింద ఒకటి అతికిస్తుంది! మూడు వారాలు బిల్లే రాలేదనుకున్నా, ఫైన్ కూడా కట్టా. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ మైనస్ ఎల్ కమాండ్ కొట్టి చూస్తే లైన్ మొదట డైరెక్టరీ అని చెప్పే డి ఉండాల్సిన చోట ఉత్త గీత, అంటే మామూలు ఫైల్. సరే, ఆ ఫైల్‌ని పక్కకి జరిపి, మెయిల్‌డిర్‌మేక్ కమాండ్‌తో ఫోల్డర్ చేసి, మెయిల్‌డ్రాప్‌తోపాటే వచ్చే రిఫార్‌మెయిల్ అనే ప్రోగ్రామ్‌కి మైనస్ ఎస్ ఆప్షన్ ఇచ్చి ఆ ఫైల్ తినిపిస్తే మెయిల్స్ విడదీసి మళ్లీ మెయిల్‌డ్రాప్ చేతిలో పెట్టింది, అది సరైన చోట వేసింది. మందు వాళ్లే ఇచ్చారు నిజమే, కానీ రోగం కూడా వాళ్లదే కదా.

ఇంకోటి, ఉత్తుత్తి టెస్ట్ లేదు. మెయిల్‌డ్రాప్‌కి మైనస్ పెద్ద వి 9 ఆప్షన్ ఇస్తే ఏ రూల్ తగిలిందో ఎక్కడ తగల్లేదో పూసగుచ్చినట్టు చెబుతుంది, చెబుతూనే మెయిల్‌ని నిజంగానే డెలివర్ చేసేస్తుంది. అందుకే టెస్ట్ కోసం వేరే యూజర్ పెట్టుకున్నా.

తెలుగు సంగతి అసలు తమాషా. మా స్కూల్ బ్యాచ్ వాళ్లు సబ్జెక్ట్ తెలుగులో రాస్తారు, నేను ఫిల్టర్‌లో తెలుగు పదం పెడితే ఒక్కటీ తగల్లేదు. ఎందుకంటే హెడర్‌లో (మెయిల్ పైన సబ్జెక్ట్ లాంటివి ఉండే భాగం) తెలుగు తెలుగులా రాదు, కంప్యూటర్ తెలుగుని దాచుకునే యూటీఎఫ్-8 బైట్లని మామూలుగా బేస్64లోకి, అంటే ఉత్త ఇంగ్లిష్ అక్షరాలూ అంకెల్లోకి మార్చి పంపుతారు, మెయిల్‌డ్రాప్ ఆ ముడి అక్షరాలనే చూస్తుంది. కాసేపు వాటినే చూస్తూ కూర్చుంటే దొరికింది: తెలుగు ఒక్కో అక్షరం, గుణింతం గుర్తు, మూడేసి బైట్లు, బేస్64లో నాలుగు అక్షరాలు, ఆ నాలుగూ ఎప్పుడూ 4ఎల్‌సీ తోనో 4ఎల్‌జీ తోనో మొదలు. హిందీ అయితే 4కె, కన్నడ అయితే 4ఎల్‌కె లేదా 4ఎల్‌ఓ. అంతే, ఒకే రూల్‌తో తెలుగు సబ్జెక్టులు దాదాపు అన్నీ ఒక ఫోల్డర్‌లోకి వచ్చేస్తున్నాయి. ముందు ఇంగ్లిష్ ముక్క కలిపి ఎన్‌కోడ్ అయితే లెక్క తప్పొచ్చు, కొన్ని యాప్‌లు బేస్64 కాకుండా ఇంకో పద్ధతిలో పంపుతాయి, దానికి వేరే రూల్. బెంగళూరులో ఉండే మా ఫ్రెండొకడు కన్నడకి కూడా రాసిమ్మని వెంటపడుతున్నాడు, రెండక్షరాలు మార్చుకోరా అంటే వినడు.