మా ఊరి పగడాల షాపు: సరుకు బాగుంది, లేబుల్ బాలేదు

అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపాలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఉప్పునీటి అక్వేరియం షాపు గురించి ఇది. తిట్టేది కూడా కొంచెం ఉంది కాబట్టి పేరు రాయను. నేను గోర్గోనియన్ల కోసమే, అంటే చెట్టు కొమ్మల్లా పెరిగే మెత్తటి పగడాల కోసమే వెళ్తాను, చేపల సంగతి నన్నడక్కండి.

ముందు మంచి. గోర్గోనియన్లకి ఇక్కడ విడిగా ఒక పొడవాటి ట్యాంక్ ఉంది. చాలా షాపుల్లో వీటిని మిగతా పగడాల మధ్య ఏదో మూలన గుచ్చేస్తారు. వీళ్లు రెండు వైపులా పంపులు పెట్టి, నీళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు కొట్టేలా చేశారు. కొమ్మలన్నీ ఊగుతూనే ఉంటాయి. గోర్గోనియన్‌కి కావలసింది ఆ జోరే. అది అప్పుడప్పుడు ఒంటిమీద మైనం లాంటి పొర వదులుతుంది. ఆ రోజుల్లో పాలిప్స్, అంటే కొమ్మనిండా చిన్న పువ్వుల్లా విచ్చుకునే జీవాలు, అన్నీ ముడుచుకుపోయి, చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. జోరుంటే పొర కొట్టుకుపోయి మళ్లీ విచ్చుకుంటుంది. లేకపోతే ఆ పొరమీద నాచు పట్టి, కింద కండ పాడై, లోపలి నల్లటి కాడ బయటపడుతుంది. నేను వెళ్లినప్పుడు ఒక కొమ్మ అలాగే ముడుచుకుని ఉంది. "ఇది ఇప్పుడు అమ్మను, విచ్చుకున్నాక రండి" అన్నాడు కౌంటర్ కుర్రాడు. ఆ మాటకే ఒక స్టార్ ఇచ్చేశాను.

ఇక లేబుళ్లు. నేను ఫార్మసిస్టుని. సీసామీద "మాత్రలు, మంచివి" అని రాసి మందిస్తే నా లైసెన్స్ ఉంటుందా? ఇక్కడ ట్యాంక్ మొత్తానికీ ఒకటే చీటీ: "గోర్గోనియన్, ఈజీ." ధరలు మాత్రం విడివిడిగా!

అందులో ఎర్రగా ధగధగలాడుతూ డయోడోగోర్జియా అనే రకం ఉంది. అందరి కళ్లూ దానిమీదే. అది ఈజీ కాదు సరికదా, ఆ ట్యాంకులో అంత కష్టమైనది ఇంకోటి లేదు. తేడా కొమ్మ రంగులో తెలియదు, పాలిప్స్ రంగులో తెలుస్తుంది. అవి గోధుమ రంగులో ఉంటే లోపల కంటికి కనపడని నాచు కాపురం ఉన్నట్టు. వెలుతురు పడితే చాలు, తిండిలో చాలా భాగం ఆ నాచే చూసుకుంటుంది. డయోడోగోర్జియా పాలిప్స్ తెల్లగా ఉంటాయి, లోపల నాచు ఉండదు. లైటుతో దానికి పనిలేదు. సన్నటి ప్లాంక్టన్ తిండి రోజూ, వీలైతే పూటపూటా వెయ్యాలి. వేస్తే నీళ్లు పాడవుతాయి, వెయ్యకపోతే నెలల తరబడి చిక్కిచిక్కి పోతుంది. ఓనర్‌తో ఈ మాట అంటే "జనం ఎర్రదే అడుగుతున్నారు" అన్నాడు. నేనడిగింది చీటీ గురించి!

గోధుమ పాలిప్స్ ఉన్నవాటిని విడదీయడం నాకు సరదా. పట్టీలా పలచగా ఉండి, అంచుల్లోంచి మాత్రమే పాలిప్స్ వస్తే టెరోగోర్జియా. కొమ్మంతా బుడిపెలైతే యూనిసియా కావచ్చు, ముట్టుకుంటే ముళ్లలా గరుకుగా ఉంటే మ్యూరిసియా. పాలిప్స్ బయటికొచ్చే రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉంటే ప్లెక్సారెల్లా. కచ్చితంగా ఏ జాతో తేలాలంటే చిన్న ముక్క బ్లీచ్‌లో వేసి, కండ కరిగాక మిగిలే సున్నపు పలుకులని మైక్రోస్కోప్‌లో చూడాలి. షాపువాళ్లని అంత అడగను. పాలిప్స్ రంగు రాసిపెట్టినా చాలు.

నేను తెచ్చుకున్నది ఊదారంగు ఆంటిల్లోగోర్జియా, జానెడు కొమ్మ. బిగించడం వీళ్లకి బాగా వచ్చు. అడుగున సెంటీమీటరు మేర కండ గీకేసి, కాడని రాతి రంధ్రంలో దించి, ఎపాక్సీ పెట్టారు. కండమీద జిగురు పడనివ్వలేదు. ఫ్లెమింగో టంగ్ నత్త ఏమైనా దాక్కుందేమో అని కొమ్మని తిప్పితిప్పి చూశారు. ఆ నత్త చూడముచ్చటగా ఉంటుంది కానీ దాని భోజనం గోర్గోనియన్లే. మా ట్యాంకులో నీళ్లని శుభ్రం చేసే కార్బన్ సంచి ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే ఇవి ఘాటు రసాయనాలు దాచుకునే జీవాలు. వీటి చుట్టం ప్లెక్సారా హోమోమల్లాలో ప్రోస్టాగ్లాండిన్లు (మన ఒంట్లోనూ ఉండే, మందుగానూ వాడే హార్మోన్ లాంటి పదార్థాలు) దండిగా ఉన్నాయని 1969లోనే బయటపడింది. మా ఫార్మసీ వాళ్లకి అది పెద్ద వార్తే.

ఇంకో మంచి మాట. నా ముందున్నాయన విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ (అదీ గోర్గోనియనే) అడిగితే, ఫ్లోరిడాలో అది తియ్యడమే నిషేధం అని మొహంమీదే చెప్పారు. మన ఇండియాలో ఇంకా గట్టి చట్టం. 2001 నుంచి గోర్గోనియన్లన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మా ట్యాంకుని వీడియో కాల్‌లో చూసి హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు "వదినా, ఇది ఇంద్రజాల్ కదా, ఫ్రేమ్ కట్టి గుమ్మం మీద పెడతారు" అంది. అవును, ఇంద్రజాల్ అనే చెట్టు "వేరు" అని చెప్పి అమ్మేది ఎండబెట్టిన సీ ఫ్యానో నల్ల పగడమో. కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే అని చెప్తే నమ్మలేదు.

నా రేటింగ్ మూడున్నర. చీటీలు మారిస్తే నాలుగున్నర. కొత్త సరుకు గురువారం వస్తుంది. ఆ రోజు అన్నీ ముడుచుకునే ఉంటాయి, రంగు చూసి తేల్చలేరు. వారాంతంలో, ట్యాంక్ లైట్లు వెలిగి గంట దాటాక వెళ్లండి.